పాతాళగంధి వేరులో ఏముంది

మూలికల అంగడిలో సర్పగంధి అడిగితే కాగితం పొట్లంలో నాలుగు వేరుముక్కలు కట్టి ఇస్తారు. చిటికెన వేలంత లావు, వంకరటింకర ఒళ్లు, ముడతలు పడ్డ మట్టిరంగు బెరడు. విరిస్తే టప్పున తెగుతుంది. లోపల పాలిపోయిన పసుపు కనిపిస్తుంది. పేరులో గంధం ఉంది కదా అని ముక్కు దగ్గర పెట్టుకుంటే పాము వాసనా రాదు, పూల వాసనా రాదు. చాలా రోజులు మూలన పడి ఉన్న బంగాళాదుంపల బస్తా వాసన లీలగా తగులుతుంది. బెరడును గోటితో గీకి నాలుక మీద వేసుకుంటే మాత్రం గొంతు దాకా చేదు దిగుతుంది.

ఆ చేదులో యాభైకి పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాలు వాటిని క్షారాభాలు అంటాయి. ఎండిన వేరు బరువులో అన్నీ కలిపి నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు ఉంటాయి. వాటిలో సింహభాగం బెరడులోనే. ఈ వేరు పిచ్చిని ఎలా అణచింది, నెత్తురు పోటును ఎలా దించింది, అసలు పని చేసే పదార్థం ఏది అని వెతకడం ఇరవయ్యో శతాబ్దపు వైద్యంలో ఒక పెద్ద కథ. వెతికిన ప్రతివాళ్లకూ ఏదో ఒకటి దొరికింది. వాళ్లు పక్కన పెట్టేసిన మడ్డిలో తర్వాతివాళ్లకు మరొకటి దొరికింది. ఆ వరుసను మొదటి నుంచి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగులో దీన్ని సర్పగంధి అనీ పాతాళగంధి అనీ అంటారు. నాకు రెండో పేరే ఇష్టం. మొక్క అంతా కలిపి మూరెడు ఎత్తు లేకపోయినా వేరు మాత్రం నేలలోకి నిటారుగా దిగుతుంది. కణుపుకు మూడేసి ఆకులు, ఎర్రటి కాడల మీద తెల్లని సన్నపూలు, పండితే నలుపు తిరిగే చిన్న కాయలు. హిమాలయాల దిగువ నుంచి మన తూర్పు కనుమల దాకా, ఇటు బర్మా, ఇండోనేషియా వరకూ అడవుల నీడలో పెరుగుతుంది. గన్నేరు కుటుంబపు మొక్క. ఆ చుట్టరికం సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

చరకసంహితలో సర్పగంధ పేరు ఉంది. అయితే అక్కడ చెప్పినది ఈ మొక్కేనా అన్న చర్చ పండితుల్లో ఇంకా తెగలేదు. పాముతో పోరాడబోయే ముంగిస ఈ వేరు నమిలి వెళ్తుందన్న కథ మాత్రం దేశమంతా ఉంది. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా గ్రంథం పాముకాటు వేర్ల గురించి మాట్లాడింది. అంబోయినా దీవిలో ఉన్న రంఫియస్ కూడా ముంగిస కథను రాసిపెట్టాడు. 1703లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ప్లూమియే ఈ ప్రజాతికి రావోల్ఫియా అని పేరు పెట్టాడు. ఆగ్స్‌బర్గ్ వైద్యుడు లియోన్‌హార్ట్ రావోల్ఫ్ గౌరవార్థం పెట్టిన పేరది. ఆ రావోల్ఫ్ పశ్చిమాసియా అంతా తిరిగాడు కానీ ఈ మొక్కను చూడనేలేదు. మొక్కను తరతరాలుగా తవ్వి, ఎండబెట్టి, నూరి రోగికి ఇచ్చినవాళ్ల పేరు ఒక్కటి కూడా శాస్త్రీయ నామంలోకి ఎక్కలేదు.

విషానికి విరుగుడుగా ఇది పనికొచ్చిందనడానికి ఆధారం లేదు. అసలు వాడుక వేరే ఉంది. బీహారు, ఉత్తరప్రదేశ్ బజార్లలో దీన్ని 'పాగల్ కీ దవా' అని, అంటే పిచ్చి మందు అని అమ్మేవారు. పొలం పనికి వెళ్లే తల్లులు ఏడిచే పిల్లల్ని నిద్రపుచ్చడానికి రవ్వంత పట్టేవారని చెబుతారు. రసాయనశాస్త్రం గుమ్మంలోకి రాకముందే జనం ఈ వేరు మనసు మీద పని చేస్తుందని కనిపెట్టారు, మోతాదు కూడా చేత్తో తెలుసుకున్నారు. తర్వాత జరిగినదంతా ఆ తెలివిని గాజు గొట్టాల్లో పరీక్షించి చూసుకోవడమే.

మొదటి గాజు గొట్టం ఢిల్లీలో మోగింది. హకీం అజ్మల్ ఖాన్ యునానీ వైద్యంలో అందె వేసిన చేయి. దేశీయ వైద్యాన్ని ఆధునిక ప్రయోగశాలలో నిలబెట్టాలన్నది ఆయన పట్టుదల. అందుకు జర్మనీలో రసాయనశాస్త్రం చదువుతున్న సలీముజ్జమాన్ సిద్దిఖీని ఎంచుకున్నాడు. సిద్దిఖీ 1927లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టరేట్ పూర్తిచేశాడు. ఢిల్లీ తిబ్బియా కళాశాలకు అనుబంధంగా పరిశోధనాలయం నడిపే బాధ్యత తీసుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో అజ్మల్ ఖాన్ కన్నుమూశాడు. తాను కలగన్న పని ఫలితం ఆయన చూడలేదు.

1931లో సిద్దిఖీ, ఆయన సహ పరిశోధకుడు రఫత్ హుస్సేన్ సిద్దిఖీ కలిసి వేరు నుంచి అయిదు ఆల్కలాయిడ్లను స్ఫటికాలుగా విడదీశారు. తెల్లని స్ఫటికాలు మూడింటికి అజ్మలీన్, అజ్మలినీన్, అజ్మలిసీన్ అని పేర్లు. పసుపుపచ్చని రెండింటికి సెర్పెంటీన్, సెర్పెంటినీన్. పోయిన గురువు పేరు ఒక అణువుకు పెట్టడం కన్నా గొప్ప నివాళి రసాయనవేత్త చేతిలో మరొకటి ఉండదు. ఆ పేరు ఇవాళ్టికీ ప్రపంచంలోని గుండె ఆసుపత్రుల్లో రోజూ వినపడుతోంది. ఎలాగో తర్వాత చెబుతాను.

సరిగ్గా అదే 1931లో కలకత్తాలో ఇద్దరు వైద్యులు రోగుల వైపు నుంచి ఇదే వేరు దగ్గరకు వచ్చారు. ఒకరు ఆయుర్వేదంలోనూ పాశ్చాత్య వైద్యంలోనూ చదువున్న గణనాథ సేన్, మరొకరు కార్తీక చంద్ర బోస్. వేరు పొడిని 20 నుంచి 30 గ్రెయిన్ల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తే ఉన్మాదం తగ్గడమే కాక రక్తపోటు కూడా దిగుతోందని వాళ్లు ప్రకటించారు. మన లెక్కలో ఒక్కో మోతాదు గ్రామున్నర అటూ ఇటూ. రక్తపోటుకు నమ్మకమైన మందే లేని రోజులవి. ఉప్పు మానెయ్యమనడం, మంచం దిగవద్దనడం తప్ప వైద్యుడు చేయగలిగింది దాదాపు లేదు.

ఇక్కడే చిక్కు వచ్చింది. సిద్దిఖీ స్ఫటికాలు కప్పల మీదా జంతువుల మీదా పనిచేశాయి కానీ వేరు పొడి ఇచ్చిన నిదానపు శాంతి వాటిలో ఏ ఒక్కదానిలోనూ దొరకలేదు. కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో రామనాథ్ చోప్రా బృందం 1933 నుంచి దీని మీద పని చేసింది. 1940లలో గుప్తా తదితరులు వేరు నుంచి తీసిన జిగురుజిగురు మడ్డిలోనే నిద్ర తెప్పించే గుణం ఉందని చూపించారు. ఆల్కలాయిడ్లను పట్టే పద్ధతి ఏమిటంటే, ముద్దలో ఆమ్లం పోస్తే క్షారగుణం ఉన్నవన్నీ నీళ్లలోకి వచ్చేస్తాయి, మిగిలిన జిగురు పక్కన పెట్టేయవచ్చు. అసలు పదార్థానికి క్షారగుణం చాలా తక్కువ. అది ఆ పిలుపుకు పలకలేదు, జిగురుతోనే ఉండిపోయింది. ఇలా ఇరవై ఏళ్లు అసలు మందు పక్కన పెట్టిన మడ్డిలో కూర్చుని ఉంది.

అంతదాకా వేరు వాడటం మాత్రం ఎవరూ ఆపలేదు. 1934లో హిమాలయా డ్రగ్ కంపెనీ వేరుతో సెర్పినా అనే మాత్ర తెచ్చింది. బర్మా అడవుల్లో రెచ్చిపోయిన ఏనుగుల్ని శాంతింపజేయడానికి ఈ వేరు పెట్టడం చూసి వ్యవస్థాపకుడు మనాల్ దీని వెంట పడ్డాడని ఆ సంస్థ చెప్పుకుంటుంది. బొంబాయిలో రుస్తం జాల్ వకీల్ అనే గుండె వైద్యుడు ఏళ్ల తరబడి తన రోగులకు ఈ మందు ఇచ్చి రాసుకున్నాడు. 1949లో కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రికి చెందిన 50 మంది రోగుల ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అచ్చు వేయించాడు. మన దేశంలో పదిహేనేళ్లుగా వాడుకలో ఉన్న మందు గురించి పడమటి వైద్యలోకం నిజంగా చెవి ఒగ్గింది ఆ వ్యాసంతోనే. ఊరి వైద్యుడి మాటకు, ఆయుర్వేద వైద్యుడి మాటకు రాని విలువ బ్రిటిష్ పత్రికలో అచ్చయ్యేసరికి వచ్చింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. వకీల్ చేసిన పని గొప్పతనం మాత్రం దానివల్ల ఇసుమంతైనా తగ్గదు. ఎంతమందికి ఇచ్చాడో, ఎంత దిగిందో, ఎవరికి ఏ ఇబ్బంది వచ్చిందో లెక్కగట్టి చెప్పినవాడు ఆయనే.

1952లో స్విట్జర్లాండు బాసెల్ నగరంలోని సిబా కంపెనీలో ముల్లర్, ష్లిట్లర్, బైన్ ఆ మడ్డిలోంచి తెల్లని స్ఫటికాలు తీశారు. పేరు రెసర్పిన్. వేరులో ఇది వెయ్యికి ఒకటో ఒకటిన్నరో పాళ్లు మాత్రమే. వెయ్యికి ఒక పాలు అనుకున్నా కిలో వేరులో ఒక గ్రాము. రోజుకు 0.1 మిల్లీగ్రాము చొప్పున వాడితే ఆ గ్రాముతో 10,000 రోజుల మందు. గ్రామున్నర పొడి మింగిన చోట ఇసుకరేణువంత పదార్థం చాలింది. సిద్దిఖీ విడదీసినవన్నీ కలిపి చేయలేని పనిని అది ఒంటరిగా చేసింది. మరుసటి ఏడు సెర్పాసిల్ పేరుతో బజారుకు వచ్చింది. మన దేశంలో డైహైడ్రలజీన్‌తో కలిపిన అడెల్ఫేన్ మాత్ర ఒక తరం ఇళ్లలో బీపీకి మారుపేరు. మా తాతగారి తలగడ పక్కన చిన్న అట్టపెట్టెలో ఆ రేకు ఎప్పుడూ ఉండేది. అది అడవి మొక్క వేరు బిడ్డ అని ఆయనకు తెలియదు, నాకు తెలిసేసరికి ఆయన లేరు.

అమెరికాలో రాబర్ట్ విల్కిన్స్ బోస్టన్‌లో దీన్ని రక్తపోటుకు వాడాడు. నేథన్ క్లైన్ న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ మానసిక ఆసుపత్రిలో తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు ఇచ్చి 1954లో ఫలితాలు ప్రకటించాడు. మందు మొదలయ్యాక వార్డుల్లో పగిలే కిటికీ అద్దాలు తగ్గాయని అద్దాలు బిగించే పనివాడే గమనించాడని ఆ రోజుల గురించి చెప్పుకుంటారు. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో సుమారు 5,59,000 మంది ఉన్నారు. ఆ సంఖ్య తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. అందులో ఎక్కువ భాగం ఘనత అదే సమయంలో వచ్చిన క్లోర్‌ప్రొమజీన్‌కు, మారిన ప్రభుత్వ విధానాలకు దక్కాలి. కానీ మాత్ర మింగితే మతి కుదుటపడవచ్చన్న నమ్మకం వైద్యుల్లో కలగడంలో రెసర్పిన్‌కు పాలు ఉంది. 1957లో లాస్కర్ పురస్కారం అందుకున్నవారిలో క్లైన్ ఉన్నాడు, వకీల్ కూడా ఉన్నాడు.

రసాయనవేత్తలకు ఈ అణువు ఇంకో రకం సవాలు. 33 కార్బన్లు, 40 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు, 9 ఆక్సిజన్లు. అయిదు వలయాలు ఒకదానికొకటి అతుక్కుని, ఆరు చోట్ల కుడి ఎడమల తేడా పొరపాటు లేకుండా కుదరాలి. ఒక్క చోట తిరగబడ్డా మందు కాదు. 1956లో హార్వర్డ్‌లో రాబర్ట్ వుడ్‌వర్డ్ బృందం దీన్ని మొదటినుంచి చేతులతో కట్టి చూపించింది. సేంద్రియ సంశ్లేషణలో ఆ పని ఇప్పటికీ పాఠంగా చెబుతారు. వుడ్‌వర్డ్‌కు 1965లో నోబెల్ వచ్చింది. అయినా చాలాకాలం వేరు నుంచి తీయడమే చౌక. ఆఫ్రికాలో పెరిగే రావోల్ఫియా వామిటోరియా వేరులో రెసర్పిన్ ఎక్కువ కాబట్టి కంపెనీలు అటు తిరిగాయి.

అన్నిటికన్నా పెద్ద పాఠం రోగుల నుంచి కాదు, కుందేళ్ల నుంచి వచ్చింది. 1955లో అమెరికా జాతీయ హృదయ సంస్థలో బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాల, రెసర్పిన్ ఇస్తే మెదడులోని సెరొటోనిన్ ఖాళీ అవుతుందని కనిపెట్టింది. అక్కడ కొన్ని నెలలు ఉండి స్వీడన్‌కు తిరిగి వెళ్లిన ఆర్విడ్ కార్ల్‌సన్ నొరడ్రినలీన్, డోపమీన్‌ల గతీ అంతేనని చూశాడు. నాడీకణాల చివర్లలో ఈ పదార్థాలు చిన్న చిన్న తిత్తుల్లో నిల్వ ఉంటాయి. తిత్తిలోకి సరుకు ఎక్కించే యంత్రాన్ని రెసర్పిన్ పట్టేసి వదలదు. బయట మిగిలిన సరుకును ఎంజైములు తినేస్తాయి. కొత్త తిత్తులు పుట్టేదాకా ఆ లోటు తీరదు. సేన్, వకీల్ రోగులకు మందు మెల్లగా పట్టడం, మానేశాక కూడా కొన్నాళ్లు నిలవడం ఎందుకో అప్పుడు అర్థమైంది.

రెసర్పిన్ ఎక్కించిన కుందేళ్లు చెవులు వాల్చేసి, కదలకుండా కుప్పగా పడి ఉన్నాయి. 1957లో కార్ల్‌సన్ వాటికి డోపమీన్‌కు ముడిసరుకైన ఎల్-డోపా ఇచ్చాడు. కొద్దిసేపట్లోనే చెవులు నిక్కాయి, లేచి తిరగడం మొదలుపెట్టాయి. డోపమీన్ మెదడులో కదలికను నడిపే పదార్థమని ఆ కుందేళ్లు చెప్పాయి. పార్కిన్సన్ జబ్బుకు ఎల్-డోపా ఇవ్వవచ్చన్న ఆలోచన అక్కడి నుంచే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

ఇందులో మనకు మరో చుట్టరికం ఉంది. ఆ ఎల్-డోపా మన దూలగొండి గింజల్లో పుష్కలంగా ఉంది. పిల్లలు ఒకరి మీద ఒకరు చల్లుకుని ఒళ్లంతా గీరుకునే ఆ కాయలోని గింజల నుంచే 1937లో దామోదరన్, రామస్వామి దాన్ని వేరుచేసి బయోకెమికల్ జర్నల్‌లో రాశారు. ఒక మూలిక ఖాళీ చేసిన దాన్ని మరో మూలికలోని పదార్థం నింపింది. రెండూ మన నేలలో పెరిగే మొక్కలే. ఒకే బల్ల మీద రెండింటినీ కలిపి చూడటం మాత్రం స్వీడన్‌లో జరిగింది.

ఆ తర్వాత దిగజారుడు వేగంగా వచ్చింది. ఎక్కువ మోతాదులో వాడిన కొందరు బీపీ రోగులు తీవ్రమైన దిగులులో పడ్డారని, ఆత్మహత్యలు జరిగాయని వైద్యులు రాశారు. సెరొటోనిన్ ఖాళీ అయితే దిగులు పుడుతుందన్న సిద్ధాంతానికి రెసర్పిన్ పునాదిరాయి అయింది. కానీ 1955లోనే లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో డేవిస్, షెపర్డ్ పద్ధతిగా చేసిన పరీక్షలో ఆందోళన, దిగులు ఉన్నవాళ్లకు ఇదే మందు కొంత మేలు చేసింది. ఆ ఫలితాన్ని లోకం పట్టించుకోలేదు. నా దృష్టిలో ఈ చరిత్రలో జరిగిన పెద్ద పొరపాట్లలో అది ఒకటి. 1974లో రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం ఉందంటూ లాన్సెట్‌లో ఒకేసారి మూడు అధ్యయనాలు వచ్చాయి. తర్వాతి అధ్యయనాలు చాలావరకు దాన్ని బలపరచలేదు కానీ అప్పటికే మందు పేరు పోయింది. కొత్త మాత్రలు వచ్చాయి, అడెల్ఫేన్ రేకులు ఇళ్లలోంచి మాయమయ్యాయి.

పేరు పోయిన మందు చేసిన మేలు కూడా చెప్పాలి. రక్తపోటు తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయని మొదట గట్టిగా నిరూపించింది అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల అధ్యయనం. 1967లో ఎడ్వర్డ్ ఫ్రీస్ బృందం తీవ్రమైన పోటు ఉన్న 143 మంది పురుషులపై చేసిన ఆ పరీక్షలో ఇచ్చిన మూడు మందుల్లో రెసర్పిన్ ఒకటి. ఇవాళ బీపీ మాత్ర వేసుకునే ప్రతివాళ్లూ ఆ వేరుకు కొంత ఋణపడినవాళ్లే.

అజ్మలీన్ సంగతి చెబుతానన్నాను. సిద్దిఖీ తీసిన ఆ తెల్లని స్ఫటికం మనసును శాంతపరచలేదు కానీ గుండె కణాల్లోకి సోడియం వెళ్లే దారులను మూస్తుంది. 1992లో బ్రుగాడా సోదరులు ఒక జబ్బును వర్ణించారు. పైకి ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలోనే గుండె ఆగి పోవచ్చు, మామూలు ఈసీజీలో ఏమీ కనిపించకపోవచ్చు. అనుమానం ఉంటే నరంలోకి మెల్లగా అజ్మలీన్ ఎక్కిస్తూ ఈసీజీ గీతను చూస్తారు. దాగి ఉన్న లోపం ఉంటే గీత ఆకారం మారి బయటపడుతుంది. ఐరోపా ఆసుపత్రుల్లో దీన్ని అజ్మలీన్ పరీక్ష అంటారు. ఢిల్లీ హకీం పేరు అలా గుండె వైద్యుల నోట నిలిచిపోయింది. సిద్దిఖీ 1951లో పాకిస్తాన్ వెళ్లి, అక్కడి శాస్త్ర పరిశోధనకు పునాది వేసి, 1994లో కరాచీలో చనిపోయాడు. దేశం రెండయినా ఆ పేరు మాత్రం ఇద్దరిదీ.

ఇప్పటి శాస్త్రజ్ఞులు వేరులో ఏముందని కాక, వేరు దాన్ని ఎలా వండుకుంటుందని అడుగుతున్నారు. మొక్క ట్రిప్టమీన్ అనే పదార్థాన్ని, సెకోలోగనిన్ అనే మరో పదార్థాన్ని కలిపి స్ట్రిక్టోసిడిన్ చేస్తుంది. యాభై పైచిలుకు ఆల్కలాయిడ్లకూ అదే తల్లి. ఆ కలిపే ఎంజైము జన్యువును మొదట పట్టుకున్నది సర్పగంధిలోనే, 1988లో. మన పెరట్లో నీళ్లు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు కూడా ఇదే స్ట్రిక్టోసిడిన్ నుంచి మొదలుపెట్టి విన్‌క్రిస్టిన్ చేస్తుంది. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే మందు అది. అజ్మలిసీన్ రెండు మొక్కల్లోనూ ఉంది. గన్నేరు కుటుంబం ఒకే పొయ్యి మీద ఎన్ని వంటలు చేస్తుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2017లో అమెరికాలో ఆమోదం పొందిన వాల్‌బెనజీన్ అనే మందు కూడా రెసర్పిన్ పట్టుకున్న ఆ తిత్తి యంత్రాన్నే పట్టుకుంటుంది. అదుపు తప్పిన ముఖ కదలికలు ఉన్న రోగులకు దాన్ని ఇస్తున్నారు.

ఇంత చేసిన మొక్కకు మనం చేసింది తక్కువ. ఆకో పువ్వో కోసుకునే మూలిక కాదిది. వేరు కావాలంటే మొక్క చావాలి. 1950ల గిరాకీతో అడవులను తవ్వేశారు. 1990లో అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న సైటెస్ రెండో జాబితాలో దీన్ని చేర్చారు. సరుకు దొరకక వేరే రావోల్ఫియా వేర్లను కలిపి అమ్మడం మామూలైంది. పండించబోతే విత్తనాల్లో తాలు ఎక్కువ, సగం కూడా మొలవకపోవచ్చు. మొలిచినా రెండు మూడేళ్లు ఆగాలి.

అలా ఆగిన రైతు ఆకు రాలే కాలంలో నేలను లోతుగా తవ్వి వేరును చివర దాకా తీస్తాడు. మట్టిని కడిగేటప్పుడు చేయి మెత్తగా ఆడించాలి, నీడలోనూ ఎండలోనూ మార్చి మార్చి ఆరబెట్టాలి. గట్టిగా రుద్దితే బెరడు ఊడుతుంది. బెరడు ఊడిన వేరును చూసి కొనేవాడు తూకం దగ్గరకు కూడా రానివ్వడు, చేదంతా అందులోనే ఉందని అతనికీ తెలుసు.